ప్లే అవ్వని వీడియో: ప్లేయర్ మార్చాలా, కోడెక్ వేయాలా, కన్వర్ట్ చేయాలా?

డబుల్ క్లిక్ చేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. లేదా మాటలు వినిపిస్తాయి కానీ బొమ్మ రాదు. లేదా ఈ ఫైల్‌ని ప్లే చేయలేమంటూ ఒక చిన్న విండో వచ్చి కూర్చుంటుంది. ఎవరిని అడిగినా ఈ మూడు సలహాల్లో ఒకటి వస్తుంది: వేరే ప్లేయర్ వేసుకో, కోడెక్ ప్యాక్ (వీడియో, ఆడియోల్ని కుదించి విప్పే పద్ధతులైన కోడెక్‌ల మూట) ఇన్‌స్టాల్ చేసుకో, ఎంపీ4లోకి కన్వర్ట్ చేసుకో. మూడింటికీ పనికొచ్చే సందర్భాలున్నాయి. చిక్కంతా వరసలో ఉంది. కష్టమైన పనితో మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో తేలిపోయేదాన్ని చివరికి నెట్టేస్తుంటారు చాలామంది.

ముందు ఒక్క సంగతి తేల్చుకుంటే మిగతాదంతా సులువు. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ అనేవి డబ్బాలు మాత్రమే. లోపల ఉన్న సరుకు వేరు. వీడియో 2003 నాటి హెచ్.264 అనే కోడెక్‌లో ఉండొచ్చు, 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీలో ఉండొచ్చు, 2018 నాటి ఏవీ1లోనూ ఉండొచ్చు. ఆడియోది మళ్లీ ఇంకో లెక్క. అందుకే ఒక ఎంపీ4 హాయిగా ఆడుతుంది, పక్కనే ఉన్న ఇంకో ఎంపీ4 మొరాయిస్తుంది. ఎక్స్‌టెన్షన్‌ని ఎంకేవీ నుంచి ఎంపీ4గా రీనేమ్ చేయడమంటే డబ్బా మీద చీటీ మార్చడమే. లోపల ఏమీ మారదు.

ప్లేయర్ మార్చడం

నా ఓటు ముందు దీనికే. వీఎల్‌సీ లాంటి ప్లేయర్ సిస్టమ్‌లో ఏ కోడెక్‌లు ఉన్నాయని చూడదు, తనకు కావలసినవి తనతోనే తెచ్చుకుంటుంది. 1996లో పారిస్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2001లో ఓపెన్ సోర్స్ అయింది. ఎంపీవీ కూడా ఇదే తరహా. బటన్లు, మెనూలు తక్కువ, కానీ తేలికగా నడుస్తుంది.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. వీఎల్‌సీలో ఆడిందంటే ఫైల్ బాగానే ఉంది, లోపం పాత ప్లేయర్‌ది అని తేలిపోయినట్టే. ఆడుతుండగా కంట్రోల్, జె కలిపి నొక్కితే లోపల వీడియో ఏ కోడెక్, ఆడియో ఏ కోడెక్, రిజల్యూషన్ ఎంత అన్నీ కనిపిస్తాయి. తర్వాత ఏం చేయాలన్నా ఈ సమాచారమే ఆధారం.

తెరుచుకుంటుంది కానీ ఆగి ఆగి ఆడుతుందా? అయితే అది ఫార్మాట్ తంటా కాదు, కంప్యూటర్ శక్తి తంటా. 4కే హెచ్‌ఈవీసీని ప్రాసెసర్ ఒక్కటే విప్పాలంటే పాత మెషిన్‌కి ఆయాసం వస్తుంది. ఇంటెల్‌లో సుమారుగా 6వ తరం నుంచి 8-బిట్ రంగుల హెచ్‌ఈవీసీని, 7వ తరం నుంచి 10-బిట్‌ని, 11వ తరం నుంచి ఏవీ1ని చిప్‌లోని గ్రాఫిక్స్ భాగమే విప్పుతుంది. దానికి విరుద్ధంగా, బొమ్మ పచ్చగా మారడం, గళ్లు గళ్లుగా చెదిరిపోవడం కనిపిస్తే, వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్/కోడెక్స్ కిందున్న హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ని (విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్‌ని) ఆపి చూడండి. చాలాసార్లు తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది అయి ఉంటుంది.

కోడెక్ ప్యాక్

ఒకప్పుడు ఇది తప్పనిసరి. ఇప్పుడు నేనైతే ఎవరికీ చెప్పను. విండోస్ ప్యాక్‌లు ఎక్కువగా డైరెక్ట్‌షో అనే పాత పద్ధతి మీద పనిచేస్తాయి. విండోస్‌తో వచ్చే కొత్త యాప్‌లేమో మీడియా ఫౌండేషన్ అనే వేరే దారిలో వెళ్తాయి. అంటే ప్యాక్ వేసినా ఆ యాప్‌లో వీడియో మునుపటిలాగే మొండికేయొచ్చు. పైగా రెండు మూడు ప్యాక్‌లు ఒకదాని మీద ఒకటి పడితే, నిన్నటిదాకా ఆడినవి కూడా ఆగిపోతాయి.

భద్రత సంగతి కూడా ఉంది. ఈ వీడియో చూడాలంటే ఫలానా కోడెక్ డౌన్‌లోడ్ చేయండి అని సైట్ అడిగిందంటే అక్కడి నుంచి బయటికి వచ్చేయడం మంచిది. 2005 ప్రాంతంలో జ్లాబ్ అనే ట్రోజన్ సరిగ్గా ఈ వేషంలోనే కంప్యూటర్లలోకి దూరింది. అలాగే విండోస్‌లో పాత క్విక్‌టైమ్ ప్లేయర్ ఇంకా ఉంటే తీసేయండి. 2016లోనే యాపిల్ దానికి సపోర్ట్ ఆపేసింది.

ఒక్క మినహాయింపు. విండోస్ సొంత ఫొటోస్ యాప్‌లోనే, లేదా సిస్టమ్ కోడెక్ మీద ఆధారపడే ఏదో సాఫ్ట్‌వేర్‌లోనే హెచ్‌ఈవీసీ ఆడాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ వేసుకోవడం సబబే. అది ప్యాక్ కాదు, ఒక్క కోడెక్.

కన్వర్ట్ చేయడం: రెండు పనులు, ఒకే పేరు

అసలు గందరగోళం ఇక్కడే. కన్వర్ట్ అనే మాట కింద పూర్తిగా వేర్వేరు పనులు రెండున్నాయి.

ఒకటి రీమక్స్. సరుకు ముట్టుకోకుండా డబ్బా మాత్రమే మారుస్తాం. ఎంకేవీలో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో ఉన్నాయనుకోండి. టీవీయో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరో ఎంకేవీ వద్దంటోంది. అప్పుడు ఆ రెండింటినీ ఉన్నవున్నట్టు ఎంపీ4లో పెట్టేస్తే సరి. క్వాలిటీ ఒక్క పిసరు కూడా తగ్గదు. రెండు గంటల సినిమాకైనా ఫైల్‌ని కాపీ చేసినంత సేపే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ టూల్‌లో అయితే కోడెక్ పేరు దగ్గర కాపీ అని ఇస్తే చాలు. కమాండ్లంటే టెన్షన్ పడేవాళ్లకి లాస్‌లెస్‌కట్ ఉంది, అందులో అవుట్‌పుట్‌ని ఎంపీ4గా ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ నొక్కడమే. ఎర్రర్ వచ్చిందంటే ముందుగా సబ్‌టైటిల్స్‌ని అనుమానించండి. బ్లూరే నుంచి వచ్చే బొమ్మల రూపంలోని సబ్‌టైటిల్స్ ఎంపీ4లో పట్టవు. వాటిని వదిలేసి మళ్లీ చేస్తే అయిపోతుంది.

రెండోది రీఎన్‌కోడ్. వీడియోని పూర్తిగా విప్పి, ఇంకో కోడెక్‌లో మళ్లీ కుదిస్తాం. పాత మెషిన్‌లో గంటలు పడుతుంది, ఎంతో కొంత క్వాలిటీ పోతుంది, పోయింది తిరిగి రాదు. హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ వీడియో విషయంలో చేసేది ఇదే. దానికి రీమక్స్ రాదు. డబ్బా మారిస్తే సరిపోయేదానికి హ్యాండ్‌బ్రేక్‌లో రాత్రంతా నడిపించేవాళ్లని చూస్తే జాలేస్తుంది. మరి ఎప్పుడు చేయాలి? మీ మెషిన్ ఆ కోడెక్‌ని తట్టుకోలేకపోతే, లేదా చూడబోయే పరికరానికి ఆ కోడెక్ అసలే తెలియకపోతే. చేసేటప్పుడు 1080పీ వీడియోకి, నాణ్యతని నిర్ణయించే ఆర్‌ఎఫ్ విలువ 20 నుంచి 24 మధ్య పెట్టండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైల్ సైజు రెండూ పెరుగుతాయి. అసలు ఫైల్‌ని మాత్రం డిలీట్ చేయకండి.

ఏదీ పనిచేయకపోతే

వీఎల్‌సీ, ఎంపీవీ రెండూ చేతులెత్తేశాయంటే తప్పు చాలావరకు ఫైల్‌లోనే ఉంటుంది. సైజు చూడండి. డౌన్‌లోడ్ సగంలో ఆగిందా, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 (ఒక్కో ఫైల్‌ని 4 జీబీ దాటనివ్వని పాత పద్ధతి)లో ఉండి 4 జీబీ దగ్గర కాపీ తెగిపోయిందా? అలాంటప్పుడు మళ్లీ తెచ్చుకోవడమే మార్గం, ఏ కోడెక్కూ ఏ కన్వర్టరూ లేని డేటాని పుట్టించలేదు.

రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోయిన ఎంపీ4ల కథ కొంచెం వేరు. ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే మూవ్ అనే సూచికని కెమెరా సాధారణంగా ఆఖర్న రాస్తుంది. అది రాయకముందే పవర్ పోతే, జీబీల కొద్దీ వీడియో ఉండి కూడా ఫైల్ తెరుచుకోదు. అదే కెమెరాతో, అవే సెట్టింగ్స్‌తో తీసిన మంచి ఫైల్ ఒకటి నమూనాగా ఇస్తే అన్‌ట్రంక్ అనే ఉచిత టూల్ ఆ సూచికని మళ్లీ కట్టడానికి ప్రయత్నిస్తుంది. పాత ఏవీఐల ఇండెక్స్ పోతే వీఎల్‌సీయే అడిగి సరిచేస్తుంది. స్క్రీన్ రికార్డ్ చేసేవాళ్లు ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంకేవీ పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మధ్యలో ఆగినా అప్పటిదాకా తీసింది మిగులుతుంది, తర్వాత ఫైల్ మెనూలోంచే ఎంపీ4లోకి రీమక్స్ చేసుకోవచ్చు.

ఐఫోన్ వీడియోలే ఎప్పుడూ ఇబ్బంది పెడుతుంటే కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకోండి. ఇక మీదట తీసేవి హెచ్‌ఈవీసీ బదులు హెచ్.264లో వస్తాయి. ఫోన్‌లో జాగా మాత్రం ఎక్కువ తింటాయి.