ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, వర్చువల్‌బాక్స్: ఆరేళ్ల వాడకం తర్వాత గెస్ట్ అడిషన్స్ మీద నా సమీక్ష

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో మాది చిన్న డీటీపీ కొట్టు. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేస్తాం. ఇప్పటికీ మా పనిలో ముప్పాతిక వంతు పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు, వీటితోనే నడుస్తుంది. ఇరవై ఏళ్లుగా కట్టిన పేజీలన్నీ అందులోనే ఉన్నాయి. "మా అక్క పెళ్లికి మీరే వేశారన్నా, అదే తీరులో పేర్లు మార్చి ఇవ్వండి" అని వచ్చినవారికి ఆ పాత ఫైలు తెరిచి చూపించాల్సిందే.

2020 మొదట్లో విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. అంత పాత బోర్డు ఎక్కడా దొరకలేదు. కొత్త కంప్యూటర్‌లో ఉబుంటు అనే లినక్స్ వేసి, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్‌ను) నడిపించే వర్చువల్‌బాక్స్ 6.1 దానిలో పెట్టి, లోపల ఎక్స్‌పీని మళ్లీ నిలబెట్టాను. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ డిస్కులు కొన్నవి ఉన్నాయి కాబట్టి అవీ ఎక్కాయి. అంతటితో పని అయిపోయిందనుకున్నాను. నిజానికి అప్పటికి సగమే అయింది. మిగతా సగం గెస్ట్ అడిషన్స్, అంటే తెర, మౌస్, ఫైళ్ల విషయంలో లోపలి ఎక్స్‌పీనీ బయటి కంప్యూటర్‌నూ కలిపే సాఫ్ట్‌వేర్. ఈ ఆరేళ్లలో నా కొట్టును నిలబెట్టింది వర్చువల్‌బాక్స్ ఎంతో, లోపల వేసిన ఈ సహాయక సాఫ్ట్‌వేర్ కూడా అంతే.

అది లేకుండా రెండు వారాలు పని చేశాను కాబట్టి తేడా బాగా తెలుసు. తెర ఎనిమిది వందలకు ఆరు వందలు మించదు. పేజ్‌మేకర్ తెరిస్తే ఎడమ పక్క పనిముట్ల పెట్టె, పైన కంట్రోల్ పట్టీ, కుడి పక్క రంగుల పట్టీ, వీటి మధ్య పెళ్లి పత్రిక అగ్గిపెట్టంత కనబడేది. వధువు తల్లిదండ్రుల పేర్లు సరిచూడాలంటే పేజీని పెద్దది చేయాలి, చేస్తే వరుడి వైపు తెర దాటిపోతుంది. మౌస్ ఒకసారి లోపలికి వెళ్లిందంటే కుడి పక్క కంట్రోల్ మీట నొక్కితే గానీ బయటికి రాదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను లోపలికి పంపడానికి ప్రతిసారీ పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్ని వర్చువల్ మెషీన్‌కు అప్పగించి, పని అయ్యాక వెనక్కి తీసుకునేవాణ్ని. శుభలేఖల కాలంలో రోజుకు పదిహేను పత్రికలు కట్టే కొట్టులో ఇది జరిగే పని కాదు.

వేయడం కష్టమేమీ కాదు. లోపల ఎక్స్‌పీ నడుస్తుండగా వర్చువల్‌బాక్స్ కిటికీలో డివైసెస్ మెనూ కింద గెస్ట్ అడిషన్స్ సీడీని చొప్పించే ఎంపిక ఉంటుంది. అది నొక్కితే లోపల నిజంగా సీడీ పెట్టినట్టే కనబడుతుంది. దానంతట అది మొదలు కాకపోతే మై కంప్యూటర్‌లోకి వెళ్లి సీడీ గుర్తును తెరిచి నడిపించాలి. మధ్యలో ఈ డ్రైవరు (పరికరాన్ని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) విండోస్ పరీక్ష నెగ్గలేదని ఎక్స్‌పీ ఒకటికి రెండుసార్లు హెచ్చరిస్తుంది. అయినా కొనసాగించమనే బటన్ నొక్కాలి. అక్కడ భయపడి ఆపేస్తే డ్రైవర్లు కొన్ని ఎక్కి కొన్ని ఎక్కకుండా మిగులుతాయి. చివర్లో రీస్టార్ట్. ఒక్క జాగ్రత్త మాత్రం ముందే తీసుకోవాలి. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ కంట్రోలర్ ఎక్స్‌పీకి వీబాక్స్‌వీజీఏ అనే ఉండాలి. విండోస్ 7 కంటే ముందువాటికి అదే సరైనది. దాన్ని నేను ఒకసారి తెలియక మార్చాను. తెర మళ్లీ ఇరుకైపోయింది, ఒక పూటంతా పోయింది.

రీస్టార్ట్ అయ్యాక కిటికీని లాగితే దానితోపాటే ఎక్స్‌పీ తెర కూడా సాగింది. ఆ రోజు పత్రిక రెండు పేజీలూ పక్కపక్కన నిండుగా కనబడ్డాయి. మౌస్ లోపలికీ బయటికీ అడ్డం లేకుండా తిరిగింది.

అయితే నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైనది షేర్డ్ ఫోల్డర్, అంటే బయటి కంప్యూటర్‌లోని ఫోల్డరు లోపల కూడా కనబడే ఏర్పాటు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్ 8 తర్వాత రావడం ఆగిపోయింది. అలాంటిదాన్ని ఇంటర్నెట్‌కు కలపడం తలుపులు తీసి ఊరికి వెళ్లడంతో సమానం. గెస్ట్ అడిషన్స్ ఇచ్చే షేర్డ్ ఫోల్డర్‌కు నెట్‌వర్క్ అక్కరలేదు. లోపలి యంత్రానికీ బయటి యంత్రానికీ మధ్య వర్చువల్‌బాక్స్ సొంత దారిలో ఫైళ్లు నడుస్తాయి. అందుకని నేను ఎక్స్‌పీకి నెట్‌వర్క్ కార్డునే తీసేశాను. ఈ ఆరేళ్లలో అది ఇంటర్నెట్ ముఖం చూడలేదు, అయినా ఫైళ్లు రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. మా వీధిలో ఎక్స్‌పీని ఇప్పటికీ నేరుగా నెట్‌కు కలిపి వాడుతున్నవారు కనబడితే ఈ ఒక్క మాట పని కట్టుకుని చెప్తున్నాను.

ఫోల్డర్లు రెండు పెట్టాను. 'ఇన్' అనే దానిని లోపలి నుంచి చదవడానికి మాత్రమే వీలుంటుంది, రాయడానికి ఉండదు. వినియోగదారుల ఫొటోలు, దేవుడి బొమ్మలు అందులో వేస్తాను. 'ఔట్' అనే దానిలోకి ఎక్స్‌పీ రాయగలదు. తయారైన పీడీఎఫ్ అందులోకి వస్తుంది, అక్కడి నుంచి ప్రెస్సుకు పంపుతాను. వినియోగదారుడి పెన్‌డ్రైవ్‌లో వైరస్ వచ్చి లోపల ఏమైనా పాడైనా, అది బయట పాడుచేయగలిగేది ఆ ఒక్క 'ఔట్' ఫోల్డరే. ఇల్లంతా పంచుకునే సౌలభ్యం ఉంది కదా అని మొత్తం హోమ్ ఫోల్డర్‌ను లోపలికి ఇవ్వడం మాత్రం వద్దు. పేజ్‌మేకర్ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లోనే తెరిచి అక్కడే సేవ్ చేసే అలవాటు కూడా నాకు లేదు. సీ డ్రైవ్‌లోకి తెచ్చుకుని పని చేసి, అయ్యాక బయటికి పంపుతాను. ఇంకొకటి: వాట్సాప్ నుంచి దించుకున్న ఫైలుకు తెలుగులో పేరు ఉంటే పేజ్‌మేకర్ దాన్ని తెరవలేదు, పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు కనబడతాయి. బయటే ఇంగ్లీషు అక్షరాలతో పేరు మార్చి 'ఇన్'లో వేయాలి.

క్లిప్‌బోర్డు సంగతి తెలుగు డీటీపీ వారికి విడిగా చెప్పాల్సినది. రెండు యంత్రాలకూ ఉమ్మడి క్లిప్‌బోర్డు పెట్టుకోవచ్చని తెలిశాక, వాట్సాప్‌లో వచ్చిన మాటర్‌ను కాపీ చేసి పేజ్‌మేకర్‌లో అతికించాను. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. అడిషన్స్ సరిగా ఎక్కలేదేమోనని రెండుసార్లు తీసి మళ్లీ వేశాను. తప్పు దానిది కాదు. ఫోన్లలో వచ్చేది యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకే సంఖ్య ఉండే పద్ధతి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అను ఫాంట్లేమో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే స్థానాల్లోనే తెలుగు ముక్కలను అమర్చుకున్నవి. అందుకే అనులో కట్టిన వాక్యాన్ని బయటికి కాపీ చేస్తే ఉబుంటులో అర్థం లేని గుర్తుల గుంపుగా కనబడుతుంది. క్లిప్‌బోర్డు తనకు ఇచ్చినదాన్ని నిజాయితీగానే మోస్తుంది. భాష మార్చడం దాని పని కాదు. ఇప్పుడు బయటే యూనికోడ్‌ను అనులోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, వచ్చిన గుర్తులను కాపీ చేసి లోపల అతికించి, అను ఫాంటు పెడుతున్నాను. పేజీకి ఒకటి రెండు చోట్ల ఒత్తులు తేడాగా వస్తాయి. 'స్త్ర', 'ష్ట్ర' లాంటి చోట్ల కన్ను వేసి ఉంచాలి. అయినా మొత్తం మళ్లీ టైపు చేయడం కంటే ఎంతో నయం. క్లిప్‌బోర్డును బయటి నుంచి లోపలికి మాత్రమే తెరిచి ఉంచాను. ఫైళ్లను మౌస్‌తో లాగి లోపల పడేసే సౌకర్యం కూడా ఉంది, అది నా దగ్గర నాలుగుసార్లలో ఒకసారి మొరాయించేది. దాన్ని ఆపేశాను, ఏ లోటూ తెలియలేదు.

గడియారం సంగతి కూడా ఉంది. సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు నేను ఎక్స్‌పీని షట్‌డౌన్ చేయను, ఉన్న స్థితిలో సేవ్ చేస్తాను. పొద్దున తెరిస్తే ఎక్కడ ఆపానో అక్కడే ఉంటుంది. అడిషన్స్ లేని రోజుల్లో పొద్దున తెరిచిన ఎక్స్‌పీ ఇంకా నిన్నటి సాయంత్రంలోనే ఉండేది. లోపలే రాసుకునే బిల్లుల మీద నిన్నటి తేదీ పడేది, అలా రెండు బిల్లులు వినియోగదారుల చేతికి వెళ్లిపోయాయి కూడా. అడిషన్స్‌లోని సర్వీసు బయటి సమయాన్ని ఎప్పటికప్పుడు లోపలికి అందిస్తుంది, సేవ్ చేసినది తిరిగి తెరిచినప్పుడు వెంటనే సరిచేస్తుంది. అప్పటి నుంచి తేదీ గురించి ఆలోచించాల్సిన పని పడలేదు.

కొట్టులో వాడేవారికి ఒక హెచ్చరిక. గెస్ట్ అడిషన్స్ వేరు, వర్చువల్‌బాక్స్‌కే అదనపు సౌకర్యాలు చేర్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేరు. రెండూ ఒకటే అనుకుని చాలామంది రెండోదాన్ని కూడా వేసేస్తారు. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ సొంత వాడకానికీ చదువుకూ ఉచితం, వ్యాపారానికి మాత్రం లైసెన్సు కొనాలి. పైన నేను చెప్పిన పనుల్లో ఏ ఒక్కదానికీ ఆ ప్యాక్ అవసరం లేదు.

లినక్స్ లోపల ఉంటే కథ మారుతుంది. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. తన విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని లోపల ఉబుంటు వేసింది. "నాన్నా, సీడీ నడిపించాను, ఏమీ మారలేదు" అని ఫోను చేసింది. లినక్స్‌లో ఈ డ్రైవర్లు అక్కడికక్కడే కెర్నల్‌కు, అంటే లినక్స్ మూలభాగానికి తగ్గట్టు తయారవుతాయి. దానికి ప్రోగ్రాములు కట్టే పనిముట్లు జీసీసీ, మేక్, ఆ కెర్నల్‌కు సరిపోయే హెడర్లు అనే ఫైళ్లు ముందే ఉండాలి. అవేవీ లేకుండానే నడిపించింది. ఇన్‌స్టాలరు చివర చూపే లాగ్ ఫైలును తెరిస్తే హెడర్లు దొరకలేదన్న వాక్యం అక్కడే ఉంది. హెడర్లూ మిగతావీ వేయించి సీడీని మళ్లీ నడిపించమన్నాను. ఆ తర్వాత షేర్డ్ ఫోల్డర్ కనబడింది కానీ తెరవబోతే అనుమతి లేదంది. వాడుకరిని వీబాక్స్‌ఎస్‌ఎఫ్ అనే గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి తిరిగి రావాలి. లాగౌట్ కాకుండా ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే సమాధానం వస్తుంది. అయితే ఈ మధ్య ఇంత శ్రమ అక్కరలేదు. ముఖ్యమైన డ్రైవరు 2018లో 4.16 వెర్షన్‌తో, ఫోల్డర్ డ్రైవరు 2020లో 5.6 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లోకే చేరాయి. కొత్త ఉబుంటులో దాని సొంత ప్యాకేజీలు వేసుకుంటే విద్యార్థి అవసరాలకు సరిపోతుంది. అవీ సీడీలోవీ రెండూ కలిపి వేయకూడదు.

మా మేనల్లుడికి ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణం ఉంది. మిర్చి సీజన్‌లో లెక్కలు రాత్రి పది దాకా నడుస్తాయి. అక్కడ వర్చువల్‌బాక్స్ లాగే వర్చువల్ మెషీన్లు నడిపించే ప్రాక్స్‌మాక్స్ మీద విండోస్ పెట్టి అకౌంట్స్ నడుపుతున్నాం. దానిలో గెస్ట్ అడిషన్స్ లాంటిది క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్. ఇది తెరనో మౌస్‌నో పట్టించుకోదు. బయటి నుంచి షట్‌డౌన్ చెప్తే లోపల పద్ధతిగా మూయిస్తుంది, బ్యాకప్ తీసే క్షణంలో డిస్కు మీద రాతలను కాసేపు నిలిపి ఉంచుతుంది. కరెంటు పోయి యూపీఎస్ మీద నడుస్తున్నప్పుడు ఆ మొదటి పని ఎంత విలువైనదో ఆ దుకాణంలో కూర్చున్నవారికి తెలుసు.

అక్కడ నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ప్రాక్స్‌మాక్స్ సెట్టింగ్స్‌లో ఏజెంట్ ఉందని టిక్ పెట్టాను, విండోస్ లోపల మాత్రం ఏజెంట్‌ను వేయడం మరచిపోయాను. ఆ రాత్రి దుకాణం మూసేటప్పుడు షట్‌డౌన్ చెప్తే, లేని ఏజెంట్ సమాధానం కోసం అది ఎదురుచూసి ఎదురుచూసి చివరికి విఫలమైంది. "మామయ్యా, ఎంతకీ ఆగడం లేదు" అని మేనల్లుడు ఫోను చేస్తే అప్పుడు గుర్తొచ్చింది. విండోస్ కోసం ఇచ్చే వర్ట్‌ఐఓ-విన్ అనే డ్రైవర్ల డిస్కులో ఉన్న గెస్ట్ టూల్స్ నడిపిస్తే డ్రైవర్లూ ఏజెంటూ రెండూ ఎక్కుతాయి. టిక్ పెట్టాక లోపల రీస్టార్ట్ చేస్తే చాలదు. బయటి నుంచి పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు ప్రాక్స్‌మాక్స్ సారాంశం పేజీలో విండోస్ ఐపీ చిరునామా కనబడుతుంది. అది కనబడిందంటే ఏజెంట్ మాట్లాడుతున్నట్టే.

ఆరేళ్లలో వర్చువల్‌బాక్స్‌ను చాలాసార్లు కొత్త వెర్షన్‌కు మార్చాను. అడిషన్స్‌ను కూడా అదే వెర్షన్‌కు తేవాలన్నది నియమం. ఎక్స్‌పీ విషయంలో నేను వెంటనే తేను. లోపలి అడిషన్స్ ఒక అడుగు వెనక ఉన్నా నా పనికి ఇబ్బంది రాలేదు. పత్రికల కాలం అయిపోయాక, స్నాప్‌షాట్ (యంత్రం అప్పుడున్న స్థితి నకలు) తీసుకుని, ఆ తర్వాతే మారుస్తాను. ఒకసారి కొత్తది వేశాక తెర నల్లగా ఉండిపోయింది. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లడానికి పట్టింది రెండు నిమిషాలు.

2026 జనవరి చివర్లో మేడారం జాతర. కరపత్రాలు, స్వాగత బోర్డుల పని మీద పడకముందే ఆ ఎక్స్‌పీ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, నిజంగా పనికొస్తుందో లేదో చూద్దామని మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తెరిచాను. యంత్రం లేచింది కానీ షేర్డ్ ఫోల్డర్ దొరకలేదని హెచ్చరిక వచ్చింది. సెట్టింగ్స్‌లో ఉన్నది మా ఉబుంటులోని దారి. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆ దారి ఎక్కడుంటుంది? పాత రెంటినీ తీసేసి, ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్లకు 'ఇన్', 'ఔట్' అనే అవే పేర్లు పెట్టి మళ్లీ చేర్చాను. లోపల ఎక్స్‌పీకి ఏ మార్పూ అక్కరలేకపోయింది. పేజ్‌మేకర్ తెరిచి పోయినేటి పత్రిక ఒకటి పీడీఎఫ్‌గా 'ఔట్'లోకి పంపాను, అది ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద కనబడింది. ఆ హార్డ్‌డిస్కు ఇప్పుడు కొట్టులో కాదు, ఇంట్లో బీరువాలో ఉంది.