తేలికపాటి ట్రావెల్ ట్రైలర్‌తో అమెరికా పడమటి పార్కులు: ఎక్కడ దిగాలి, ఏం మార్చాలి, బండిని ఎప్పుడు వదులుకోవాలి

ట్రావెల్ ట్రైలర్ అంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లులాంటి బండి. ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ మొత్తంలో నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్ (వీటినే హుక్‌అప్‌లంటారు) మూడూ దొరికే క్యాంప్‌గ్రౌండ్ ఒక్కటే, ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్క్. ఆ చుట్టుపక్కల గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు. గుడ్డ గోడల పాప్-అప్‌లకీ, పడకలు కాన్వాస్ గుడారంలా బయటికి తెరుచుకునే హైబ్రిడ్‌లకీ అక్కడ చోటు లేదు. బరువు తక్కువ, నలుగురు పడుకోవచ్చు అని హైబ్రిడ్ కొన్నవాళ్లకి ఈ సంగతి చాలాసార్లు బుకింగ్ దగ్గరే తెలుస్తుంది. అప్పుడు మిగిలేవి మాడిసన్ లాంటి చోట్లు. మాడిసన్ తక్కువదేమీ కాదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర, చెట్ల నీడ ఉంది, ట్యాంకులు ఖాళీ చేసుకోడానికి డంప్ స్టేషన్ ఉంది. హుక్‌అప్‌లు మాత్రం లేవు, జెనరేటర్ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకానే. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో బండ్లు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి, అందం ఆశించొద్దు. మాడిసన్‌లో ఎక్కువ రాత్రులు ఉండి, మధ్యలో ఒక్క రాత్రి ఫిషింగ్ బ్రిడ్జ్‌లో బ్యాటరీ నింపుకుని, ట్యాంకులు కడుక్కుని వెళ్లడం మంచి పద్ధతి.

తేలిక ట్రైలర్ వల్ల పెట్రోలు మిగులుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. హైవే మీద ఇంధనాన్ని తినేది బరువు కంటే ముందుభాగం వెడల్పు, ఎత్తు. నిలువెత్తు గోడ గాలిని తోసుకుంటూ పోవాలి కాబట్టి చదును రోడ్డు మీద 3,500 పౌండ్ల బండికీ 5,000 పౌండ్ల బండికీ పెద్ద తేడా కనబడదు. అసలు లాభం పొడవులో ఉంది. గ్రాండ్ క్యానియన్ సౌత్ రిమ్‌లో మాథర్ క్యాంప్‌గ్రౌండ్ పరిమితి 30 అడుగులు. అంతకంటే పెద్ద బండి ఉంటే పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌కి పోవాలి. అక్కడ పూర్తి హుక్‌అప్‌లున్నాయి కానీ చూడ్డానికి పార్కింగ్ లాట్‌లానే ఉంటుంది. పైన్ చెట్ల మధ్య మాథర్‌లో చోటు దొరికితే వదులుకోకండి. షవర్లు, డంప్ స్టేషన్ నడక దూరంలోనే ఉంటాయి. మాథర్‌లో చోట్లు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి. పొడవు అడిగిన చోట నిజం రాయండి.

గ్లేసియర్‌లో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్‌కీ రైజింగ్ సన్‌కీ మధ్య 21 అడుగులు దాటిన బండి గానీ, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండి గానీ పోకూడదు. ట్రైలర్‌ని క్యాంపులో వదిలి ట్రక్కుతోనే పోవాలి. 21 అడుగులంటే బంపర్లతో కలిపి. నాలుగు తలుపుల క్రూ క్యాబ్ ట్రక్కయితే ముందు పొడవు కొలుచుకుని, వెనక వేలాడే హిచ్ (ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) తలకాయని పిన్ను లాగి తీసి, టోయింగ్ అద్దాలు లోపలికి మడిచి బయల్దేరండి. జయాన్‌లో 1930లో కట్టిన మౌంట్ కార్మెల్ సొరంగం దగ్గర 7 అడుగుల 10 అంగుళాల వెడల్పో, 11 అడుగుల 4 అంగుళాల ఎత్తో దాటితే పెద్ద బండి కింద లెక్క. సొరంగంలో పైకప్పు అంచుల దగ్గర వంపు తిరిగి దిగుతుంది కాబట్టి అలాంటి బండి తన వరసలో నడవలేదు. పెద్ద బండ్ల నియమాలు ఈమధ్య బిగించారు, బయల్దేరే ముందు పార్కు పేజీ చూసుకోండి. 8 అడుగుల వెడల్పు మామూలు ట్రైలర్లన్నీ ఈ గీత దాటేస్తాయి. ఏడడుగుల లోపు సన్నటి బండ్లకే ఇక్కడ నిజంగా సుఖం.

ఇక బరువు లెక్క. ట్రక్కు 7,000 పౌండ్లు లాగుతుందన్న కరపత్రం మాట పక్కన పెట్టి, డ్రైవర్ తలుపు చట్రం మీది పసుపు-తెలుపు స్టికర్ చూడండి. అక్కడ పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు, 1,400 పౌండ్లని ఉందనుకుందాం. నలుగురు మనుషులు 600. బెడ్‌లో సామాను 150. బరువుని ఇరుసులన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90. నింపిన ట్రైలర్ 4,500 పౌండ్లయితే, దాని ముక్కు బరువు, అంటే హిచ్ మీద నొక్కే బరువు, 13 శాతం చొప్పున 585. మొత్తం 1,425. ట్రైలర్ చిన్నదే అయినా ట్రక్కు పరిమితి దాటిపోయింది. ముక్కు బరువు తగ్గించడానికి సామానంతా వెనక్కి సర్దితే ఇంకా ప్రమాదం. పది శాతం లోపుకి పడితే ట్రైలర్ అటూ ఇటూ తోక ఊపుతుంది. ట్రైలర్‌కీ ఇలాంటి లెక్కే ఉంది. ఖాళీ బరువు 3,600, గరిష్ఠం 4,500 అంటే మిగిలింది 900 పౌండ్లు. 30 గ్యాలన్ల మంచినీళ్లే 250 పౌండ్లు తినేస్తాయి. డీలరు తగిలించిన ఆనింగు (పక్కకి చాచే ఎండ పందిరి), రెండో బ్యాటరీ ఆ ఖాళీ బరువులో ఉన్నాయో లేవో చూసుకోవాలి. ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేల్ మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ మూడూ విడివిడిగా తూగుతాయి. సామాను, మనుషులు, నీళ్లు అన్నీ ఉన్నప్పుడు తూయించాలి. ఆ చీటీ దాచుకోండి. ఇక నుంచి బండికి తగిలించే ప్రతి వస్తువూ ఆ 900లోంచే పోతుంది.

అందుకే మార్పుల్లో మొదటివి బరువు పెంచనివి కావాలి. టైర్లు ముందు. కంపెనీ చాలా బండ్లకి బరువుకి బొటాబొటిగా సరిపోయే టైర్లే వేసి పంపుతుంది. ట్రైలర్ల కోసం చేసే ఎస్‌టీ 205/75ఆర్14 టైరు, లోడ్ రేంజ్ (బరువు తరగతి) సీ అయితే, 50 పీఎస్‌ఐ దగ్గర 1,760 పౌండ్లు మోస్తుంది. అదే సైజులో డీ రకం 65 పీఎస్‌ఐ దగ్గర 2,040 మోస్తుంది. రిమ్ము ఆ గాలికి తట్టుకుంటుందో లేదో దాని వెనక అచ్చు చూశాకే కొనాలి. అరుగుదల చూసి టైరు మార్చొద్దు. టైరు పక్క గోడ మీద అచ్చేసిన డాట్ (DOT) కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. ఐదారేళ్లకి గీతలు కొత్తగా కనబడుతున్నా తీసేయాలి. డెత్ వ్యాలీ లాంటి వేడిలో గాలి తక్కువున్న టైరు పేలితే పోయేది టైరొక్కటే కాదు. తెగిన తోలు చక్రం గూడు చీల్చి లోపలి వైర్లనీ, కొన్నిసార్లు కింద పోయే గ్యాస్ పైపునీ లాగేస్తుంది. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి.

రెండోది ఈఎంఎస్ పెట్టె, చెడ్డ కరెంటు వస్తే బండికి అందకుండా ఆపేసేది. ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లలో, కేఓఏలాంటి పెద్ద గొలుసు సంస్థల్లో కూడా, ఎండాకాలం మధ్యాహ్నం అందరూ ఏసీ వేసినప్పుడు వోల్టేజ్ 104 కిందికి జారడం మామూలే. కంప్రెసర్ నెమ్మదిగా చచ్చేది అలాంటి కరెంటు మీదే. ఈ పెట్టె తీగలు తప్పు కలిపిన ప్లగ్గునీ పట్టేస్తుంది. 30 ఆంప్ ట్రైలర్ ప్లగ్గు 120 వోల్టులది. అది తెలియని ఎలక్ట్రీషియన్ డ్రయర్ ప్లగ్గనుకుని 240 ఇస్తే, ఒక్క క్షణంలో కన్వర్టర్ (బయటి కరెంటుతో బ్యాటరీ నింపే పెట్టె), మైక్రోవేవ్ మాడిపోతాయి. ఇంటి పక్కన కొత్తగా పెట్టించుకున్న అవుట్‌లెట్ విషయంలో ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది.

హుక్‌అప్ లేని చోట అసలు పరీక్ష బ్యాటరీకి. మాడిసన్‌లో సెప్టెంబరు రాత్రి నాలుగింటికి హీటర్ ఫ్యాన్ తిరుగుతూ చల్లగాలి వస్తుంటే హీటర్ పాడైందని బెంగపడకండి. వోల్టేజ్ పడిపోతే ఫ్యాన్ వేగం తగ్గుతుంది, గాలి చాలక లోపలి సెయిల్ స్విచ్ మూసుకోదు, మంట వెలగదు. కొన్నప్పుడు వచ్చే గ్రూప్ 24 బ్యాటరీలో సగమే, అంటే 35–40 ఆంప్ అవర్లు వాడుకోవచ్చు. చలి రాత్రి హీటరొక్కటే అంత తినగలదు. ఒక్క 100 ఆంప్ అవర్ లిథియం బ్యాటరీ 30 పౌండ్ల లోపే ఉంటుంది, 130 పౌండ్ల దాకా తూగే రెండు గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలంత పని చేస్తుంది. బరువు తగ్గించే మార్పులు చాలా తక్కువ, ఇదొకటి. అయితే బ్యాటరీ మార్చి ఊరుకుంటే పూర్తవదు. పాత కన్వర్టర్ 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతే లిథియం పూర్తిగా నిండదు, దానికి 14.4 కావాలి. ట్రక్కు నుంచి ఏడు పిన్నుల ప్లగ్గు గుండా వచ్చేది కొద్ది ఆంప్‌లే. ప్రయాణంలో నిండాలంటే లావు తీగ వేసి 20–30 ఆంప్‌ల డీసీ-డీసీ చార్జర్ పెట్టుకోవాలి. సున్నా డిగ్రీల సెల్సియస్ కింద లిథియాన్ని చార్జ్ చేయకూడదు కాబట్టి ముక్కు మీది పెట్టెలోంచి తీసి మంచం కిందికి మార్చుకోవడం మేలు. 200 వాట్ల సోలార్ చాలు, ఎండలో నిలబడితే. మాథర్‌లో చెట్ల నీడకి అదీ కష్టమే.

ఎండ విషయంలో అరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్ చుట్టూ ఉన్న బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూనిర్వహణ శాఖ) భూములు వేరే. అక్కడ ఎండకి లోటు లేదు, నీళ్లకే. బీఎల్ఎం మామూలు భూముల్లో ఒకే చోట 14 రోజులు దాటి ఉండనివ్వరు, నలుగురికి 30 గ్యాలన్లు ఎటూ అన్ని రోజులు రావు. హార్వెస్ట్ హోస్ట్స్ సభ్యత్వం తీసుకుంటే ద్రాక్ష తోటల్లో, పొలాల్లో ఒక రాత్రి నిలబడొచ్చు. చెత్త, మురుగు అన్నీ బండిలోనే ఉంచుకోవాలి. వాల్‌మార్ట్ పార్కింగ్ ఏ స్టోరుకి ఆ మేనేజర్ ఇష్టం, ముందు ఫోన్ చేయాలి.

సర్వీసు సంగతి కొస్తే, వేసవిలో డీలర్ షాపులో వారాలు పడిగాపులు పడేకంటే క్యాంప్‌గ్రౌండ్‌కే వచ్చే మొబైల్ టెక్నీషియన్ నయం. వారంటీ పని అతను చేస్తే కంపెనీ ఒప్పుకుంటుందా అని మాత్రం ముందే రాతపూర్వకంగా అడగండి. బేరింగ్‌లు ఏడాదికోసారి తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టించండి. ఇరుసు చివర నిపుల్ ఉంది కదా అని గన్‌తో గ్రీజు ఎక్కించేస్తే వెనక సీలు దాటి బ్రేకు షూల మీదికి పాకుతుంది, ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. బండి ఎత్తినప్పుడు, ఇరుసు గొట్టం కింద కాకుండా ఫ్రేము కింద జాక్ పెట్టి, స్ప్రింగు పట్టీలు వేలాడే షాకిల్ బోల్టులు చూడండి. లోపల నైలాన్ బుషింగు, అంటే బోల్టు చుట్టూ తొడిగిన చిన్న గొట్టం, ఉంటుంది. అది కొన్ని వేల మైళ్లకే నలిగిపోతుంది. తర్వాత బోల్టు ఇనుము మీద ఇనుము రాసుకుంటూ గుండ్రటి రంధ్రాన్ని గుడ్డు ఆకారంలో కోసేస్తుంది. కంచు బుషింగులు, గ్రీజు ఎక్కే బోల్టుల కిట్ వేస్తే ఈ బాధ పోతుంది. టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతుంటే ఇరుసు వంగి ఉండొచ్చు, బరువు ఎక్కువైతే అలా అవుతుంది.

ఇవన్నీ బాగుచేసుకోగల రోగాలు. ఫ్రిజ్, కన్వర్టర్, పరుపులు పాతబడ్డాయని ట్రైలర్ మార్చేవాళ్లది డబ్బు ఎక్కువైన పని. మార్చాల్సింది నీళ్లు లోపలికి దిగినప్పుడు. ముందు పైమూల దగ్గర, క్లియరెన్స్ లైట్ల కింద, లోపల అల్మరా తెరిచి గోడని బొటనవేలితో నొక్కండి. అట్టలా మెత్తగా దిగితే చెక్క చట్రం కుళ్లింది. బయటి ఫైబర్ గోడ మీద బుడగలా ఉబ్బితే అతుకు విడిపోయింది, దాన్ని లాభసాటిగా బాగుచేసే దారి లేదు. మూడు నెలలకోసారి పైకెక్కి అతుకులు చూస్తే ఇంతదాకా రాదు. చదునుగా ఉన్నచోట తనంతట పరుచుకునే లాప్ సీలెంట్, నిలువు చోట జారని రకం వాడాలి. ముక్కు దగ్గర ఫ్రేము వెల్డింగు పక్కన సన్నటి తుప్పు గీత కనబడితే అది పగులు. వెంటనే అమ్మేయాలనిపించినా, ఆ మాట కొనేవాడికి చెప్పాల్సిందే.

అమ్మేటప్పుడు మీ మార్పులకి విలువ కట్టేవాళ్లుండరు. లిథియం, డీసీ-డీసీ చార్జర్, ఈఎంఎస్ విప్పుకుని మామూలు బ్యాటరీ పెట్టి ఇవ్వండి. తర్వాతి బండి విషయంలో, ఇద్దరే తిరిగేవాళ్లయితే అచ్చు పోసిన, గుడ్డు ఆకారపు ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లు చూడాలి. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో బోలర్ అనే ట్రైలర్‌తో మొదలైన దారి అది. స్కాంప్, కాసిటా ఆ కోవలోవే. రెండు చిప్పలు నడుము దగ్గర కలుస్తాయి, పైకప్పు మీద అతుకు ఉండదు. నీళ్లు దిగితే వెంట్, కిటికీ, రివెట్ల చుట్టూనే. ఇరుకు, నలుగురికి నప్పదు, పాతవి కూడా ధర దిగవు. నలుగురికి కావాలంటే ఖాళీ బరువు సంగతి వదిలేసి మోసే సామర్థ్యం 1,200 పౌండ్లు దాటే బండి వెతకండి. హిచ్ బాల్ 2 అంగుళాలా, 2 5/16 అంగుళాలా చూసుకోండి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లోని పాత స్ప్రింగు బార్లు కొత్త ముక్కు బరువుకి సరిపోకపోవచ్చు.

కొత్త బండి తీసుకున్న రాత్రి డీలర్‌కి ఇరవై మైళ్లలోపు పూర్తి హుక్‌అప్‌ల చోట దిగండి. మంచినీళ్లు, వాడిన నీళ్లు, మురుగు మూడు ట్యాంకులూ నింపి ఖాళీ చేయండి. వాటర్ హీటర్ గ్యాస్ మీద, కరెంటు మీద వేరువేరుగా వెలిగించండి. ఫ్రిజ్‌ని గ్యాస్ మీద రాత్రంతా ఉంచండి, ఏసీని రెండు గంటలు నడపండి. సింకు కింద, షవర్ వెనక, కమోడ్ అడుగున టార్చి వేసి కాగితపు రుమాలుతో ప్రతి జాయింటూ తుడవండి. తడి తగిలిన చోటుకి ఫొటో తీసి, పొద్దున షాపు తెరవగానే ఆ ఫొటోలతో బండిని వాళ్ల గుమ్మం ముందు పెట్టండి.