మూడేళ్లకు పైగా నా బ్రౌజర్‌లో ఉన్న స్నోఫ్లేక్

ఎవరు ఏ సైటు చూస్తున్నారో తెలియకుండా ట్రాఫిక్‌ను పలు కంప్యూటర్ల గుండా పంపే నెట్‌వర్క్ టోర్. ఆ టోర్ ప్రాజెక్ట్ రూపొందించిన స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్‌ను నా ఫైర్‌ఫాక్స్‌లో వేసుకుని మూడేళ్లు దాటింది. టోర్‌ను అడ్డుకునే దేశంలో ఉన్న ఒక అపరిచితుడి ట్రాఫిక్‌ను నా బ్రౌజర్ గుండా టోర్ బ్రిడ్జికి, అంటే టోర్‌లోకి ప్రవేశమిచ్చే సర్వర్‌కు, చేర్చడం దీని పని. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్‌కు నేరుగా టీసీపీ సాకెట్ (మామూలు ఇంటర్నెట్ కనెక్షన్) తెరిచే అనుమతి ఉండదు కనుక, అపరిచితుడి వైపు వెబ్‌ఆర్‌టీసీ (రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే పద్ధతి) డేటా ఛానల్‌ను, బ్రిడ్జి వైపు వెబ్‌సాకెట్‌ను (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచి ఉండే కనెక్షన్‌ను) తెరిచి, ఒకదానిలో వచ్చిన బైట్లను రెండోదానిలోకి ఎక్కిస్తుంది. దీనికి ముందు వచ్చిన ఫ్లాష్ ప్రాక్సీ రెండు వైపులా వెబ్‌సాకెట్‌నే వాడేది. అందువల్ల సాయం కోరే వ్యక్తే తన రౌటర్‌లో బయటి కనెక్షన్లను లోపలికి రానిచ్చే పోర్టు తెరవాల్సి వచ్చేది. వీడియో కాల్స్ కోసం పుట్టిన వెబ్‌ఆర్‌టీసీ ఆ ఇబ్బందిని తప్పించింది.

వేసుకోవడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. పని దొరకడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. అప్పట్లో నేను ఎక్కువగా ఫోన్ హాట్‌స్పాట్ మీదే పనిచేసేవాణ్ణి, ఎంతమందికి సాయపడ్డానో చూపే ఎక్స్‌టెన్షన్ లెక్క ఎప్పుడు చూసినా సున్నా. లోపం ఎక్స్‌టెన్షన్‌దేనని అనుకుని రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. చివరికి ఫైర్‌ఫాక్స్ వెబ్‌ఆర్‌టీసీ వివరాల పేజీ తెరిచి చూస్తే అసలు సంగతి అర్థమైంది: ఆ మొబైల్ నెట్‌వర్క్ నేను మాట్లాడే ప్రతి గమ్యానికీ వేరు వేరు పోర్టు కేటాయిస్తోంది. బయటి నుంచి నా చిరునామా, పోర్టు ఎలా కనిపిస్తాయో చెప్పే స్టన్ సర్వర్ నా పోర్టు ఫలానా అని చెప్పినా, అది ఆ సర్వర్‌తో మాట్లాడటానికి తప్ప మరొకరికి పనికిరాదు. ఇలాంటి నాట్ (పలు పరికరాలకు ఒకే బయటి చిరునామాను పంచే ఏర్పాటు) వెనుక ఉన్న రిలేను, అంటే నాలాంటి మధ్యవర్తి బ్రౌజర్‌ను, అవతలి వైపు నాట్ సడలింపుగా ఉంటే తప్ప, సాయం కోరేవారిని రిలేలతో కలిపే బ్రోకర్ సర్వర్ ఎవరితోనూ జతచేయదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు మారిన రోజే ఐకాన్ ఆకుపచ్చగా మారింది. కాబట్టి వేసుకున్న తరువాత లెక్క కదలకపోతే ముందుగా మీ నెట్‌వర్క్‌నే అనుమానించండి.

మొదటి నెలల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ల్యాప్‌టాప్ మూత. ఐకాన్ ఆకుపచ్చగా ఉందంటే ఆ క్షణాన ఎక్కడో ఎవరో నా మీదుగా ఏదో చదువుతున్నారని అర్థం. మూత వేస్తే వారి కనెక్షన్ తెగిపోతుందన్న మొహమాటంతో పడుకునే ముందు ఊరికే పది నిమిషాలు ఎదురుచూసిన రాత్రులున్నాయి. తరువాత దీని లోపలి నిర్మాణం గురించి చదివాక ఆ బెంగ పోయింది. సెషన్ నా బ్రౌజర్‌లో ఉండదు. అవతలి వ్యక్తికీ బ్రిడ్జికీ మధ్య ఒక గుర్తింపు సంఖ్యతో నిలిచి ఉంటుంది. నేను మాయమైతే అతని సాఫ్ట్‌వేర్ మరో రిలేను వెతుక్కుని, అందని ప్యాకెట్లను మళ్లీ పంపి, అదే సెషన్‌ను కొనసాగిస్తుంది. అతనికి కాసేపు పేజీ ఆగినట్లు అనిపిస్తుంది, అంతే. చేతిలో పడగానే కరిగిపోయే మంచు రేకు పేరు దీనికి పెట్టడంలోని ఔచిత్యం నాకు అప్పుడు తెలిసింది.

వేగం మీద ప్రభావం రోజువారీ బ్రౌజింగ్‌లో నాకు తెలియలేదు. వీడియో సమావేశాల్లో మాత్రం, ముఖ్యంగా అప్‌లోడ్ తక్కువగా ఉన్న లైను మీద, నా గొంతు తెగిపోతోందని అవతలివారు చెప్పిన సందర్భాలున్నాయి. అందుకే సమావేశానికి ముందు స్విచ్ ఆపేయడం అలవాటైంది. గత 24 గంటల్లో ఎంతమందికి సాయపడ్డామో ప్యానెల్ చెబుతుంది కానీ ఎన్ని మెగాబైట్లు దాటాయో చెప్పదు, ఆ లెక్కను నేను రౌటర్‌లో చూసుకుంటాను. 2022 సెప్టెంబరులో ఇరాన్‌లో నిరసనలు చెలరేగి ఇంటర్నెట్‌పై ఆంక్షలు బిగిసిన వారాల్లో ఐకాన్ రోజంతా ఆకుపచ్చగానే ఉండటం నాకు గుర్తుంది.

భద్రత గురించి మిత్రులు అడిగే మొదటి ప్రశ్న, ఎవరో చేసిన తప్పు నా ఐపీ చిరునామా మీదకు వస్తుందా అని. రాదు, వెబ్‌సైట్లకు కనిపించేది టోర్ నెట్‌వర్క్‌లోని చివరి కంప్యూటర్ చిరునామా మాత్రమే. నా గుండా పోయేది ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్ కనుక నేను చదవలేను. అయితే నన్ను వాడుకుంటున్న వ్యక్తికి నా చిరునామా, నాకు అతని చిరునామా తెలిసే వీలుంది. ఒకసారి కార్యాలయంలో ఆపడం మరచిపోతే, ముక్కూమొగం తెలియని చిరునామాలకు యూడీపీ ప్యాకెట్లు (వెబ్‌ఆర్‌టీసీ వాడే రకం) ఎందుకు పోతున్నాయని నెట్‌వర్క్ విభాగం వారు అడిగారు. వారి ప్రశ్న న్యాయమైనదే, తప్పు నాది. ఆనాటి నుంచి దీన్ని సొంత పనుల ప్రొఫైల్‌లో మాత్రమే ఉంచాను.

రోజంతా వెలిగి ఉండే కంప్యూటర్ ఉన్నవారికి గో భాషలో రాసిన విడి ప్రోగ్రామ్ మేలు. ఒకేసారి ఎక్కువమందిని మోయగలదు. నెలకు ఇంత అని డేటా పరిమితి ఉన్నవారు ఈ ఎక్స్‌టెన్షన్ జోలికి పోకపోవడమే మంచిది. నేనూ హాట్‌స్పాట్‌కు మారినప్పుడల్లా ముందు దీన్ని ఆపి, తరువాతే మిగతా పని మొదలుపెడతాను.