పోటు మీద జోన్స్‌కి, ఆటు మీద స్టూవర్ట్‌కి

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు శాన్ వాన్ దీవులంటే కారుతో ఫెర్రీ ఎక్కుతారు. ఫ్రైడే హార్బర్‌లో ఐస్‌క్రీం తిని, లైమ్ కిల్న్ దగ్గర తిమింగలాల కోసం ఓ గంట కూర్చుని వచ్చేస్తారు. మేమూ రెండుసార్లు అలాగే వెళ్లొచ్చాం. ఈ జులైలో మాత్రం నేనూ మా బావమరిదీ ఐదు రోజులు కయాక్‌లో దీవి నుంచి దీవికి తెడ్డేసుకుంటూ తిరిగాం.

ఫెర్రీ బయల్దేరే అనకోర్టెస్‌లో ఇద్దరు కూర్చునే డబుల్ కయాక్ అద్దెకు తీసుకున్నాం. నీకెంత అనుభవం ఉందని గుచ్చి గుచ్చి అడిగారు, అడగాలి కూడా. ఎండాకాలంలోనూ ఆ నీళ్లు 10 డిగ్రీలకి అటూ ఇటూగానే ఉంటాయి. పడితే కాసేపటికే వేళ్లు పట్టు తప్పుతాయి. పడవ తిరగబడితే మళ్లీ ఎక్కడం మేం కిందటేడే నేర్చుకున్నాం. అది రానివాళ్లు గైడుతోనే వెళ్లండి, అక్కడ డబ్బు చూసుకోవద్దు. పడవ మంచిదే కానీ వెనక సామాను పెట్టే అర మూతకున్న రబ్బరు చీలి ఉంది. తీసుకునేటప్పుడు వాళ్లూ చెప్పలేదు, మేమూ వేలు పెట్టి తడిమి చూడలేదు. రెండో రాత్రి నా స్లీపింగ్ బ్యాగు పిండితే చెంబెడు నీళ్లు వచ్చాయి. ఆ రాత్రంతా ఉన్న చొక్కాలన్నీ తొడుక్కుని కూర్చున్నాను.

పడవని చక్రాల బండి మీద పెట్టి ఫెర్రీ ఎక్కించాం. మొదటి రాత్రి లోపెజ్ దీవిలో ఓడ్లిన్ పార్కు. ఇసుక ఒడ్డు, మంచినీళ్లు, కార్లు, పిల్లల గోల. బయల్దేరడానికి వీలైన చోటు, అంతే.

అసలు సంగతి నీటి వాలు. మాది చీరాల దగ్గర వాడరేవు. పోటు (సముద్రం ఎక్కడం), ఆటు (వెనక్కి తీయడం) అన్న మాటలు చిన్నప్పటి నుంచీ వింటున్నవే, కానీ మా ఊళ్లో అవి ఒడ్డు మీద గీత జరగడమే. ఇక్కడ దీవుల మధ్య సందుల్లో సముద్రం ఏరులా పారుతుంది. పోటు వేళ శాన్ వాన్ ఛానెల్లో నీళ్లు ఉత్తరానికి పోతాయి. ఓడ్లిన్ నుంచి జోన్స్ దీవికి సుమారు 15 కిలోమీటర్లు ఆ పోటు మీదే హాయిగా వెళ్లిపోయాం. జోన్స్ నుంచి స్టూవర్ట్‌కి మాత్రం ఆటు కావాలి, ఎందుకంటే స్పీడెన్ ఛానెల్లో పోటు తూర్పుకి కొడుతుంది. ఆ రెండు పోట్లూ ఢీకొనే చోట నీళ్లు ఎసట్లో బియ్యం ఉడికినట్టు కుతకుతలాడతాయి.

తడిసిన సామాను ఆరబెట్టుకుంటూ మూడో రోజు 40 నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాం. ముందు కూర్చున్న బావమరిది ఉన్నట్టుండి తెడ్డు ఆపి, "బావా, ఆ నాచు చూడు" అన్నాడు. అక్కడ బుల్ కెల్ప్ అనే సముద్రపు నాచు పెరుగుతుంది. పొడుగాటి కాడ చివర ఉల్లిగడ్డంత బుడిపె నీటి పైన తేలుతుంటుంది. అంతకుముందు నిటారుగా తేలిన బుడిపెలన్నీ అప్పుడు పడమరకి ఒరిగి, సగం మునిగి, వణుకుతున్నాయి. ఆటు జోరందుకుందన్నమాట. మేం వెళ్లేదీ అటే కాబట్టి సరిపోయింది, ఎదురైతే వెనక్కి తిరగాల్సిందే. అప్పటి నుంచి పోటు, ఆటు వేళల పట్టిక చూశాక నాచు కూడా చూసి గానీ మలుపు దాటలేదు.

జోన్స్ మొత్తం పార్కే. పడమర వైపు తెడ్డు పడవల వాళ్ల కోసం గుడారాల చోటుంది, సూర్యాస్తమయం ఎదురుగా కనిపిస్తుంది. జింకలు దగ్గరికొస్తాయి, తిండి పెట్టకండి. రకూన్లనే చిన్న అడవి జంతువులకి మాత్రం పెట్టక్కర్లేదు, అవే తీసుకుంటాయి. కందిపొడి డబ్బా మూత తీసి మరీ తిన్నాయి. పులిహోర పడవలో పెట్టి మూత బిగించాం కాబట్టి దక్కింది.

స్టూవర్ట్ చేరేదాకా కుడి పక్కన స్పీడెన్ దీవి బోడి కొండలా సాగుతూనే ఉంటుంది. 1970ల్లో వేట కోసం అక్కడ విదేశీ జంతువులని వదిలారు. వాటి సంతతి గొర్రెలు ఇప్పటికీ గడ్డి వాలు మీద మేస్తున్నాయి.

ఈ యాత్రలో నాకు బాగా నచ్చింది స్టూవర్టే. రీడ్ హార్బర్‌లో పడవ లాగి, దుమ్ము రోడ్డు మీద నడుచుకుంటూ 1893 నాటి టర్న్ పాయింట్ లైట్‌హౌస్‌కి వెళ్లాం. ఎదురుగా కెనడా దీవులు, మధ్యలో వాంకూవర్ పోయే కంటెయినర్ ఓడలు. ఓడ దాటిపోయాక చాలాసేపటికి దాని అల వచ్చి రాళ్లని కొట్టింది. అలాంటి చోట ఒడ్డుకి ఆనుకుని తెడ్డేయకూడదని అప్పుడు అర్థమైంది. దారిలో చెట్టు కింద ఓ పెట్టె, దాన్నిండా టీషర్టులు. మనిషి లేడు. నచ్చింది తీసుకుని, ఇంటికెళ్లాక డబ్బు పోస్టులో పంపమని చీటీ. మా ఆవిడకొకటి తెచ్చి, మర్నాడే చెక్కు పంపాను.

చివరి రాత్రి పోసీ దీవి. మొత్తం ఎకరం పాటి దీవి, గుడారాలకి రెండే చోట్లు, మంచినీళ్లు లేవు. నీళ్లు మోసుకెళ్లగలిగితేనే వెళ్లండి. పక్కనే రోష్ హార్బర్లో వేడినీళ్ల స్నానం, కాఫీ దొరుకుతాయి.

ఓర్కా తిమింగలాలు కనిపించలేదు. ఇక్కడ నివాసముండే ఓర్కాలకి 1,000 గజాల దూరం ఉండాలని 2025 నుంచి చట్టం, అది కయాకులకీ వర్తిస్తుంది. వాటి కోసమే అయితే లైమ్ కిల్న్ ఒడ్డున కూర్చోవడం మేలు, వాటికీ మనకీ.

మళ్లీ వెళితే స్టూవర్ట్‌లో ఇంకో రాత్రి ఉంటాం. ముందు పట్టికలో ఆటు వేళలు చూసుకుని, ఆ తర్వాతే ఆఫీసులో సెలవు పెడతాను.