ఫీల్డ్ చార్జర్‌కి ఓకే, దాంతో ఇచ్చిన బ్యాగ్‌ని మాత్రం నమ్మకండి

ఎనిమిది నెలలుగా, రిమోట్ విమానాలూ డ్రోన్లూ ఎగరేసే మైదానంలో నా లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలన్నీ ఈ చార్జర్‌తోనే చార్జింగ్ పెడుతున్నాను. పెద్ద పేరున్న సరుకేమీ కాదు. అరచేతిలో పట్టేంత డబ్బా, డీసీ ఇన్‌పుట్ ఒక్కటే, కాబట్టి గోడ ప్లగ్గుకి నేరుగా పెట్టలేం. ఒక పక్క ఎక్స్‌టీ60 రకం కరెంట్ సాకెట్, ఇంకో పక్క ఒక్కో సెల్‌ని విడిగా చూసి సమం చేసే బ్యాలెన్స్ పిన్నులు, పైన చిన్న స్క్రీను, తిప్పి నొక్కే నాబ్ ఒకటి. పెట్టెలో ఒక వెండిరంగు ఫైబర్‌గ్లాస్ బ్యాగ్ కూడా వచ్చింది. నా దగ్గరున్నవి క్వాడ్‌కి (నాలుగు ఫ్యాన్ల డ్రోన్‌కి) వాడే 4ఎస్, అంటే వరసగా నాలుగు సెల్స్ ఉన్న 1300 ఎంఏహెచ్ ప్యాక్‌లు ఆరు, విమానానికి 3ఎస్ 5000 ఒకటి. ఎగరేసేది నాలుగైదు నిమిషాలు, చార్జింగ్ దగ్గర కూర్చునేది గంట. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సెల్ వోల్టేజీలు నమ్మకంగా చూపిస్తుంది. నా మల్టీమీటర్‌తో పోలిస్తే 0.01 వోల్టు మించి తేడా రాలేదు. ఒక్కో సెల్‌ని 4.20 దగ్గర ఆపుతుంది. బ్యాలెన్స్ ప్లగ్ పెట్టడం మరిచిపోతే అసలు మొదలే పెట్టదు. 4ఎస్ ప్యాక్ తగిలించి 3ఎస్ అని ఎంచుకుంటే కీచుమని అరిచి ఆగిపోతుంది. ఈ ఒక్క అరుపు కోసమే కొనొచ్చు.

ఇక జరిగిన తప్పు. ఒకరోజు ముందుగా 5000 ప్యాక్‌ని 5 ఆంపియర్ల మీద పెట్టాను. అది నిండాక 1300 ప్యాక్ తగిలించి, అలవాటుగా నాబ్ నొక్కేశాను. మిట్టమధ్యాహ్నం, స్క్రీన్‌లో అంకెల బదులు నా మొహమే కనిపిస్తోంది. కొన్ని నిమిషాలయ్యాక ఎందుకో ప్యాక్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. మామూలుగా చార్జింగ్‌లో అది అలా వెచ్చబడదు. టోపీ తీసి స్క్రీన్‌కి అడ్డం పెట్టి చూస్తే 5.0 అని ఉంది. ప్యాక్‌ని గంటలో నింపే కరెంటుని 1సీ అంటారు, 1300కి అది 1.3 ఆంపియర్లు. నేను పెట్టింది దాదాపు 4సీ. వెంటనే పీకేశాను. గుండె మాత్రం చాలాసేపు కొట్టుకుంది.

చార్జర్‌ని పూర్తిగా తప్పు పట్టలేను. ఎన్ని సెల్స్ ఉన్నాయో బ్యాలెన్స్ వైర్లను బట్టి దానికి తెలుస్తుంది గానీ, ప్యాక్ 1300దో 5000దో తెలిసే దారి లేదు. కానీ ఆరుబయట వాడమని అమ్మే వస్తువుకి ఎండలో కనపడని స్క్రీనేమిటి? పైగా పాత కరెంట్ సెట్టింగ్‌ని 'ఇదే ఉంచనా?' అని అడక్కుండా మళ్లీ వాడేసుకోవడమేమిటి? ఇప్పుడు గొడుగు లేకుండా వెళ్లను. గొడుగు చార్జర్‌కీ బ్యాటరీకీ, నాకు కాదు.

నీడ స్క్రీన్ కోసమే కాదు. ఎగిరి దిగిన ప్యాక్ ఎలాగూ వేడిగా ఉంటుంది, దాన్ని ఎండలో పడేస్తే చల్లారదు. 45 డిగ్రీలు దాటిన లైపోకి చార్జింగ్ పెట్టకూడదు. దిగాక పావుగంటో ఇరవై నిమిషాలో నీడలో ఉంచి, ముట్టుకుంటే చల్లగా ఉందనిపించాకే పెడతాను. గడ్డకట్టే చలిలో సమస్య తిరగబడుతుంది: సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా ఎలక్ట్రోడ్ మీద లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం తర్వాత పూడదు. ఉబ్బిన ప్యాక్ అయితే ఎండైనా చలైనా పెట్టేదే లేదు.

కరెంటు మొదట్లో కారు బ్యాటరీ నుంచి తీసుకునేవాణ్ని. ఆరు ప్యాక్‌లు ఒక రౌండు నింపితే దాదాపు 10 ఆంపియర్ అవర్లు పోతుంది. చార్జర్‌లో ఇన్‌పుట్ కటాఫ్ (బ్యాటరీ ఇంతకి దిగితే లాగడం ఆపే హద్దు) 10 వోల్టులని పెట్టి పంపారు. ఆ 10కి దిగేదాకా లాగితే కారు కదలదు, నాది కదల్లేదు కూడా. సెట్టింగ్‌ని 12కి మార్చాను, తర్వాత విడిగా ఒక 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టుకున్నాను. దీనివల్ల చార్జింగ్ కారుకి దూరంగా జరిగింది, అది ఇంకా మంచిదైంది.

బ్యాగ్ సంగతి. వైర్లు బయటికి తీస్తే వెల్‌క్రో మూత మూసుకోదు, మూలన రెండు వేళ్లు పట్టేంత సందు మిగులుతుంది. మంట వస్తే ముందు దూకేది అక్కడి నుంచే. మూత సరిగ్గా పడినా బట్ట నిప్పురవ్వల్ని కొంత ఆపుతుందేమో గానీ పొగని ఆపదు, ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉండొచ్చు. పైన 'ఫైర్‌ప్రూఫ్' అని పెద్ద అక్షరాలు వేశారు కాబట్టి దాన్ని గడ్డి మీద పెట్టేవాళ్లనీ, కారు సీటు మీద పెట్టేవాళ్లనీ చూశాను. నేను దాన్ని ప్యాక్‌లు మోసుకెళ్లడానికే వాడుతున్నాను.

చార్జింగ్‌కి మాత్రం తూటాలు పెట్టుకునే రకం ఇనప పెట్టె. మూత చుట్టూ ఉండే రబ్బరు తీసేశాను, లేకపోతే ప్యాక్ అంటుకున్నప్పుడు గాలి బయటికి పోక పెట్టే పేలొచ్చు. వైర్ల కోసం అంచున ఒక గాడి కోసి, ఆ ఇనప అంచు ఇన్సులేషన్‌ని చీల్చకుండా పాత ట్యూబు ముక్క తొడిగాను. చార్జర్ పెట్టె బయటే. పెట్టెని గడ్డి లేని మట్టి నేల మీద పెట్టి, పక్కన బకెట్ ఇసుక ఉంచుకుని, గాలి ఎటు నుంచి వీస్తే అటువైపు కూర్చుంటాను. కాఫీ కోసం లేచినా చార్జింగ్ ఆపే లేస్తాను.

ఒక్క ఫిర్యాదు మిగిలింది. నింపిన ప్యాక్‌లు ఎగరేయకుండా మిగిలిపోతే సెల్‌కి 3.8 వోల్టుల స్టోరేజ్ (నిల్వ ఉంచే) స్థాయికి దించాలి. ఈ చార్జర్ డిశ్చార్జ్ 5 వాట్లే. ఒక్క 1300 ప్యాక్ దిగడానికి గంటన్నర పైనే పడుతుంది. మొన్న గాలి పెరిగి నాలుగు ప్యాక్‌లు నిండుగా మిగిలాయి. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను, రెండోదే సగంలో ఉంది. చార్జర్‌కి నాలుగు స్టార్లు, బ్యాగ్‌కి ఒకటి.