ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి: రెండూ ఏళ్ల తరబడి వాడాక

మాది నెల్లూరు జిల్లాలో రొయ్యల మేత, ప్రాసెసింగ్, ఎగుమతి మూడూ ఉన్న కంపెనీ. డేటాబేస్ చూసేది నేనే. చాలా ఏళ్లు అన్నీ ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీదే నడిపాం. తర్వాత రైతుల ఖాతాలు, కొనుగోళ్లు, కోల్డ్ స్టోరేజీ స్టాకు లైసెన్సు ఖర్చు లేని పోస్ట్‌గ్రెస్‌కి మార్చాం.

అందరూ ముందు అడిగేది డబ్బు సంగతే. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి ప్రాసెసర్ లెక్కన లైసెన్సు తీసుకుంటే, మామూలు ఇంటెల్ సర్వర్‌లో రెండు కోర్లకి (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు) ఒకటి కొనాలి. దాని మీద ఏటా 22 శాతం సపోర్టు. పార్టిషనింగ్‌కి, అంటే పెద్ద టేబుల్‌ని ముక్కలుగా విడగొట్టి ఉంచడానికి, మళ్లీ వేరే డబ్బు. కొత్త సర్వర్ కొనాలంటే దాని ధర కన్నా కోర్ల లెక్కే టెన్షన్. పోస్ట్‌గ్రెస్‌లో ఆ బాధ లేదు. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి పార్టిషనింగ్ కూడా సులువే. అలాగని ఊరికే వచ్చిందనుకోకండి, మిగిలిన డబ్బులో మంచి భాగం మనుషుల జీతాలకే పోయింది.

టేబుళ్లు మార్చడం పెద్ద పని కాదు, ఓరా2పీజీ అనే టూల్ చాలావరకు చేసిపెట్టింది. ఒరాకిల్‌లో ప్రోగ్రాములని ఒక మూటగా కట్టే ప్యాకేజీలు పోస్ట్‌గ్రెస్‌లో లేవు కాబట్టి వాటిని స్కీమాలుగా (డేటాబేస్‌లో విడివిడి అరలు) విడగొట్టుకున్నాం. అసలు తిప్పలు ఖాళీ గడులతో వచ్చాయి. ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని మాట) అన్నా నల్ (విలువే ఎక్కించని గడి) అన్నా ఒకటే. పేరుకి నల్ కలిపినా పేరు మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అలా కలిపితే మొత్తం నల్ అయిపోతుంది. టెస్టింగ్‌లో తూకం చీటీ ప్రింట్ తీస్తే 40 కౌంటు (కిలోకి 40 రొయ్యలు), కిలోలు, రేటు అన్నీ ఉన్నాయి, ఇంటిపేరు ఎక్కించని రైతుకి అసలు పేరే లేదు! డబ్బు ఎవరికివ్వాలి? నల్‌ని వదిలేసి మిగతావి కలిపే కాన్‌క్యాట్ ఫంక్షన్‌తో సరిపెట్టాం. కానీ ఇలాంటి చోట్లన్నీ వెతికి పట్టుకోవడానికి డేటా మార్చడానికన్నా ఎక్కువ టైం పట్టింది.

ఇక వాక్యూమ్, అంటే టేబుల్‌లో పాత చెత్త ఊడ్చే పని. పోస్ట్‌గ్రెస్‌లో వరుసని అప్‌డేట్ చేస్తే పాత కాపీ టేబుల్‌లోనే ఉంటుంది, ఆటోవాక్యూమ్ వచ్చి ఊడ్చాలి. పట్టుబడుల సీజన్‌లో మా స్టాకు టేబుల్‌కి ఊపిరాడదు. అకౌంట్స్‌లో ఎవరైనా ఎంట్రీ సగం కొట్టి, కమిట్ కాకుండానే (ఖాయం చేయకుండానే) భోజనానికి వెళ్లారంటే, వాళ్లు తిరిగొచ్చేదాకా కొత్తగా పడ్డ చెత్త కదలదు, టేబుల్ ఉబ్బిపోతుంది. పనిలేకుండా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లకి టైమౌట్ పెట్టాకే తెరిపిన పడ్డాం. ఒరాకిల్ పాత కాపీలని అన్‌డూ అనే చోట విడిగా దాస్తుంది, టేబుల్ ఇలా ఉబ్బదు. ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ నా ఓటు దానికే. (రాత్రంతా నడిచిన రిపోర్టు తెల్లారేసరికి ఆ పాత కాపీ దొరక్క ‘స్నాప్‌షాట్ టూ ఓల్డ్’ అని చచ్చిపోయిన రోజులు మర్చిపోయి అంటున్నా.)

జీతాల సాఫ్ట్‌వేర్ మాత్రం ఒరాకిల్ మీదే ఉంది. దాన్ని అమ్మినవాళ్లు వేరే డేటాబేస్‌కి సపోర్టు ఇవ్వరు.

చీమకుర్తి గ్రానైట్ కంపెనీలో ఉన్న మా ఫ్రెండ్ మొన్న మార్చమంటావా అని అడిగాడు. వాక్యూమ్ అర్థమైనవాళ్లు ఇద్దరుంటే మార్చు, ఒక్కడే ఉండి వాడూ హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటుంటే ఉన్నదాన్ని కదిలించకు అని చెప్పా.