మందులు వెనక్కి తీసుకునే డబ్బా: బాగుంది, నిండిపోకపోతే

మోకాలి ఆపరేషన్ తర్వాత నాకు 30 ఆక్సీకోడోన్ (అలవాటు పడే ప్రమాదమున్న బలమైన నొప్పి మందు) మాత్రలు రాశారు. తొమ్మిది వేసుకునేసరికి తల తిరగడం, మలబద్ధకం పడలేక మానేశాను. మిగతా 21 ఎనిమిది నెలలుగా బాత్‌రూమ్ అరలో, దగ్గు మందు వెనకాల ఉండిపోయాయి. మా అబ్బాయి ఫ్రెండ్స్ వచ్చినప్పుడల్లా వెళ్లేది ఆ బాత్‌రూమ్‌కే. ఆ సంగతి తట్టిన రాత్రి నిద్ర పట్టలేదు.

అమెరికాలో 2010 చట్టం, దాని మీద 2014లో వచ్చిన నిబంధనల పుణ్యమా అని ఇలా మిగిలిపోయిన మందులు జనం తెచ్చి వేసే డబ్బా ఫార్మసీలు కూడా పెట్టుకోవచ్చు. నేను వెళ్లిన చోట కౌంటర్ పక్కనే గోడకి బిగించి ఉంది. పిడి లాగితే చిన్న అర బయటికొస్తుంది. అందులో వేసి మూస్తే లోపలికి జారిపోతుంది, చెయ్యి పెట్టి తీద్దామన్నా కుదరదు.

మొదటిసారి ఆ పిడే కదల్లేదు. నిండిపోయిందని కాగితం అంటించారు. కౌంటర్లో అమ్మాయికి సీసా ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి లాక్కుంది. వాళ్లు ముట్టుకోకూడదట, తెచ్చినవాళ్లే వెయ్యాలట. రూల్ సబబే. మరి ఎప్పుడు ఖాళీ చేస్తారంటే ఆ అమ్మాయికీ తెలీదు. ఆ సీసా బ్యాగులో పెట్టుకుని మళ్లీ ఇంటికి రావడం ఒక టెన్షన్.

పై వారం పనైంది. పేరు అడగలేదు, డబ్బులు తీసుకోలేదు. లేబుల్ మీద నా పేరు మార్కర్‌తో కొట్టేసి వేశాను, గలగలమంటూ పోయాయి. సూదులు, ఇన్‌హేలర్లు మాత్రం వెయ్యకూడదు.

తర్వాత తెలిసింది, డబ్బా దొరక్కపోతే ఆక్సీకోడోన్ లాంటివి టాయిలెట్లో వేసి ఫ్లష్ చేసెయ్యమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే చెబుతుందట. నేనేమో నీళ్లు పాడవుతాయని ఎనిమిది నెలలు దాచిపెట్టాను! 2025 నుంచి ఫార్మసీ అడిగితే ఈ మందులు తయారుచేసే కంపెనీలు స్టాంపు ఖర్చు తామే పెట్టుకున్న కవర్లు కూడా పంపాలి, మందు వాటిలో పెట్టి పోస్టు చేసెయ్యొచ్చు. మాత్రలు ఇచ్చిన రోజు సంతకం పెట్టించుకున్నారు గానీ, ఇవేవీ ఒక్క ముక్క చెప్పలేదు.

నా రేటింగ్ 5కి 3. తగ్గించిన రెండూ డబ్బాకి కాదు, అది పెట్టడం, ఖాళీ చెయ్యడం షాపువాళ్ల ఇష్టానికి వదిలేసినందుకు. మా అత్తగారి ట్రామడాల్ (ఇదీ అలాంటి నొప్పి మందే) సగం సీసా ఇంకా ఉంది. ఈసారి ముందు ఫోన్ చేసే వెళ్తాను.